తొమ్మిదో నంబరు బావి

పందొమ్మిది వందల అరవై ఒకటి. ఉగాది వెళ్ళిన మూడో రోజు హెల్త్ ఆఫీసరు సంజీవప్ప గారు నన్ను పెనుకొండ ఆఫీసుకు పిలిపించారు. నేను ఆ తాలూకాకు హెల్త్ విజిటర్ని. పల్లెల్లో నర్సమ్మ అనేవాళ్ళు. కాన్పులు, బాలింతలు, పసిపిల్లలు, ఇవే నా పని. బడ్జెట్టు కాగితాల జోలికి అంతవరకూ నన్నెవరూ రానివ్వలేదు.

సంజీవప్ప గారిది మడకశిర వైపు. మద్రాసులో డాక్టరు చదువు చదివినా ఆయన మాట మారలేదు.

"కూర్చోమ్మా. పైనించి ఆర్డరు వచ్చిండాది," అంటూ ఒక కాగితం నా వైపు తోశారు. "పెనుకొండ, హిందూపురం, ధర్మవరం మూడు తాలూకాలకు కలిపి కొత్త పనికి కొంచెం దుడ్లు ఇచ్చినారు. యా పని ముందో, యాది వెనకో మనమే తేల్చి రాసి పంపల్ల. వానలు పడేలోగా పని అయిపోవల్ల. కాలేదంటే దుడ్లు వాపసు పోతాయి."

హిందూపురం పెద్దలు అంటురోగాల వార్డుకు కొత్త కట్టడం కావాలని అప్పటికే రాసి ఇచ్చారు. ధర్మవరం వాళ్ళు మురుగు కాలువలు అడిగారు. రెండూ అవసరమైనవే. పెనుకొండ తాలూకా తరఫున అడగడానికి మాత్రం మనిషి లేడు. శానిటరీ ఇన్‌స్పెక్టరు మలేరియా పని మీద వెళ్ళి ఆరు నెలలైంది.

"ఊర్లన్నీ తిరిగేది నువ్వు. ఏమి కావల్లనో నువ్వే చెప్పు," అన్నారు.

ఆలోచించుకోవడానికి నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదు. "దిగుడు బావులు మూయల్ల సార్," అన్నాను.

మా వైపు తాగే నీళ్ళ బావులు చాలావరకు దిగుడు బావులే. ఆడవాళ్ళు మెట్లు దిగి, నీళ్ళలో నిలబడి బిందె ముంచుకుంటారు. నారికురుపు వచ్చినవాళ్ళ కాలు ఆ నీళ్ళలో పడితే పురుగు తన పిల్లల్ని నీళ్ళలో వదిలేస్తుంది. అవే నీళ్ళు వడకట్టకుండా తాగినవాళ్ళకు మరుసటి ఏడు కాలి మీద బొబ్బ లేస్తుంది. బొబ్బ పగిలి, తెల్లటి దారం లాంటి పురుగు తల బయట పెడుతుంది. మూరెడు ఉంటుంది, ఒక్కోసారి రెండు మూరలు. దాన్ని పుల్లకు చుట్టి రోజుకు ఇంత అని లాగాలి. తెగిందంటే కాలు వాచి, చీము పట్టి, నెలల తరబడి మంచమే గతి. ఈ బాధంతా వేసవిలో మొదలై శనక్కాయ విత్తే రోజులదాకా లాగుతుంది. దానికి మందు లేదు. మెట్లు మూసి, పైన చుట్టుగోడలా ఒర కట్టి, గిలక బిగించడమే మందు.

సంజీవప్ప గారికి ఇవన్నీ నాకంటే బాగా తెలుసు. ఆయన ఒక్కటే అడిగారు. "అన్ని బావులకూ దుడ్లు చాలవు. ముందు యా బావి?"

మర్నాడు ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళాను. ఊళ్ళో నూరు మందికి ఎంతమంది రోగులున్నారో చూసి వరస వేయాలి. పురుగు బయటపడిన కాలును నేను కళ్ళారా చూస్తేనే ఒక రోగి అని రాసుకోవాలి. మానిపోయిన మచ్చలు, ఒకరు చెప్పిన మాటలు లెక్కలోకి రావు. ఆయన రెండుసార్లు చదివి, "రూలు బాగుండాది. రేపు నీకే అడ్డం వస్తాది, సూసుకో," అన్నారు.

నాకెందుకు అడ్డం వస్తుందనుకున్నాను.

*

మొదట రాళ్ళవంక వెళ్ళాను. గొర్రెలు మేపుకునేవాళ్ళు, కూలికి వెళ్ళేవాళ్ళు ఉండే ఊరు. నూటనలభై మంది. బావి దగ్గరకు వెళ్ళేసరికి ఒకావిడ అడుగు మెట్టు మీద కూర్చుని కాలు నీళ్ళలో పెట్టుకుని ఉంది. పేరు నల్లమ్మ అని చెప్పింది.

"నీళ్ళల్లో ఎందుకు పెట్టినావమ్మా కాలు?"

"నిప్పుల్లో పెట్టినట్ల మండుతాది నర్సమ్మా. నీళ్ళల్లో పెడితే రవంత సల్లగుంటాది."

"ఈ నీళ్ళే గదా అందరూ తాగేది?"

ఆమె నన్ను వింతగా చూసింది. "ఇంగ యాడుండాయి నీళ్ళు?"

ఆమె పక్కన కూర్చుని, కాలు పైకి తీయించి, తుడిచి, పురుగు ఎట్లా ఒకరి నుంచి ఇంకొకరికి వస్తుందో చెప్పాను. నల్లమ్మ కదలకుండా వింది. ఆమె ఇంట్లోనే ముగ్గురు మంచాన ఉన్నారు. మందను తోలుకుపోయే మనిషి లేక గొర్రెలన్నీ కదిరి సంతలో అమ్మేశారట. ఇల్లిల్లూ తిరిగి చూశాను. ముప్పై ఒక్కరు తేలారు. ఒకాయనకు రెండు కాళ్ళకూ ఉంది, ఆయన్ని ఒకటిగానే రాసుకున్నాను.

బయల్దేరేటప్పుడు నల్లమ్మ కట్టె పట్టుకుని ఊరి చివరి దాకా వచ్చింది. "రాసుకుంటాండావు. నీకు ముందర గూడా శానామంది వచ్చినారు. రాసుకోని పోయినారు," అంది.

"నేను మళ్ళీ వస్తానమ్మా."

"వస్తే ఊరికే రావద్దు. గిలక తీసుకోని రా."

ఆ మాట తర్వాత నాకు ఎండ తెలియలేదు. నాలుగు వారాల్లో ఇరవై ఆరు ఊళ్ళు తిరిగాను. బస్సు ఉన్నచోటికి బస్సులో, బండి దొరికితే బండిలో, ఏదీ లేకపోతే నడిచి.

*

మా ఊరు ఎర్రగుంటపల్లికి అన్నిటికంటే చివర వెళ్ళాను. ధర్మవరం దారిలో ఉంటుంది. అక్కడి తాగే నీళ్ళ బావి మాదే. మా నాయన హనుమంతప్ప వాళ్ళ తాత తవ్వించాడు. నలభై చెక్కుడు రాతి మెట్లు. రోజూ పొద్దున నాయన చెంబు తీసుకుని ఆ మెట్లన్నీ దిగి, ముఖం కడుక్కుని, చెంబు నింపుకుని వచ్చేవాడు. మెట్లు మూయాలని అంతకు ముందు రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ మాట తప్పించాడు.

నాకు పందొమ్మిదేళ్ళప్పుడు భర్త పోయాడు. ఊరంతా వద్దంటున్నా నన్ను చదువుకు పంపింది మా నాయనే. అందుకే మూడోసారి గట్టిగా అడగలేకపోయాను.

ఈసారి ఇంట్లో అడుగు పెట్టేసరికి మా వదిన బుజ్జమ్మ మంచం మీద ఉంది. మడమ పక్కన పురుగు తల కనబడుతోంది. అమ్మ పోయాక నాకు తల దువ్వి, అన్నం పెట్టి పెంచిన మనిషి వదిన. మామగారి ముందు గొంతెత్తి మాట్లాడింది ఎన్నడూ లేదు, ఆయన ఎదుట కూర్చున్నదీ లేదు. ఇప్పుడు ఆయన వసారాలోకి వస్తే లేచి నిలబడబోయి, కాలు మోపలేక గోడ పట్టుకుంది.

నాయన అది చూసి తల తిప్పుకున్నాడు. కాసేపటికి నన్ను బయటికి పిలిచాడు.

"మా తాత చెక్కించిన మెట్ల మీద నా చేత్తో రాయి పెట్టలేను నీలమ్మా. సర్కారు వచ్చి మూస్తే మూయనీ. నేను అడ్డం రాను."

ఆ సాయంకాలమే రచ్చ దగ్గర పదిమందిలో చెప్పేశాడు. "మా నీలావతి సర్కారుతో రాపిస్తాది. వానలు రాకముందే మన బాయికి గిలక వస్తాది." జనం సంతోషపడ్డారు. ఒకరిద్దరు ముసలమ్మలు నా చెంపలు నిమిరారు.

అప్పటికి ఊరు సగమే చూశాను. మొత్తం తిరిగాక నాలుగు వందల పది మందిలో పందొమ్మిది మంది తేలారు. బస్సులో కూర్చుని లెక్క వేసుకుంటే మా ఊరు వరసలో ఎంత కిందికి వెళుతుందో అర్థమైంది.

*

మూడు తాలూకాల మీటింగు ధర్మవరంలో పెట్టారు. మునిసిపల్ ఆఫీసు హాల్లో పదిహేను మంది దాకా పెద్దలు. ఆడమనిషిని నేనొక్కదాన్నే.

హిందూపురం నుంచి వచ్చిన వ్యాపారి ఒకాయన ముందు మాట్లాడాడు. "కట్టడమైతే రోడ్డున పోయేవానికి గూడా కనపడతాది. మంత్రి వచ్చి తెరుస్తాడు. పల్లెల్లో బాయికి గిలక బిగిస్తే ఎవురికి కనపడతాది సార్?"

కొందరు నవ్వారు. సంజీవప్ప గారు నా వైపు చూసి తల ఊపారు. లేచి నిలబడ్డాను. చేతిలో కాగితాలున్నాయి కానీ వాటిని చదవలేదు.

"వార్డు కట్టొద్దని నేననను," అన్నాను. "వార్డులో ఎవరికైనా రోగం వచ్చాక మంచం ఇస్తాం. నేను చూసిన ఊళ్ళలో ఇప్పుడే నాలుగు వందల పైచిలుకు మంది మంచాల్లో ఉన్నారు. వానొచ్చిన రోజు వాళ్ళ పొలంలో విత్తే గొర్రు కట్టేవాళ్ళు లేరు. రాళ్ళవంకలో మందలు అమ్ముకున్నారు. ఒకసారి మెట్లు మూస్తే ఆ రోగం ఆ బావి నుంచి మళ్ళీ రాదు. నాకు తెలిసి ఒకసారి దుడ్లు పెడితే మళ్ళీ పెట్టాల్సిన పని లేని రోగం ఇదొక్కటే."

ఎవరూ ఒప్పుకున్నట్టు కనబడలేదు. అప్పుడు వెనక వరసలో నుంచి ధర్మవరం మెంబరు పాపన్న లేచాడు. పట్టుచీరలు నేసే మనిషి. మురుగు కాలువల అర్జీ పెట్టింది ఆయనే.

"నేనొక మాట చెప్తా. మా దగ్గర నేసేవాళ్ళలో సగం మంది చుట్టుపక్కల పల్లెలోళ్ళే. మగ్గం గుంటలో కాలు పెట్టి తొక్కితేనే గదా నేత. పోయిన ఎండాకాలం మా మగ్గాలు నాలుగు ఊరికే నిలబడిపోయినాయి. ఎందుకంటే నేసేవాని కాల్లో పురుగు. దాన్ని సాపం అనుకున్నాం గానీ, బాయిలో నించి వస్తాదని మాకెవరూ చెప్పలే." హిందూపురం వాళ్ళ వైపు తిరిగాడు. "మా కాలవలు ఇంకో ఏడాది ఆగుతాయి. మీ కట్టడం గూడా ఆగితే ఏమప్పా?"

ఆయన తన అర్జీ తానే వెనక్కి తీసుకున్నాక ఎదురు చెప్పడం కష్టమైంది. గంటసేపు వాదనలు నడిచాయి. చివరికి బావులు మొదటి పని, వార్డు రెండు, కాలువలు మూడు అని రాసుకున్నారు. ఉన్న డబ్బుకు ఎనిమిది బావులు వస్తాయని ఓవర్సీరు తేల్చి చెప్పాడు.

*

పెనుకొండకు వచ్చి వరస వేశాను. మొదటిది రాళ్ళవంక. ఎనిమిదోది కొండ అవతలి కొత్తపల్లి. తొమ్మిదోది ఎర్రగుంటపల్లి. మా ఊళ్ళో ఇంకో ముగ్గురు రోగులుంటే ఎనిమిదోది మాదయ్యేది.

ఆ సంగతి మా అన్న గంగాధరప్పకు ఎట్లా తెలిసిందో, రెండు రోజులకు నా గది ముందు దిగాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మన ఊరోళ్ళు నలుగురు హిందూపురం బెల్లం మండీలో మూటలు మోస్తాండారు. కొండప్ప, వాని తమ్ముడు, ఇంగ ఇద్దరు. వాళ్ళందరికీ నారికురుపే. వాళ్ళనెందుకు రాయలే?"

"నేను చూడలేదన్నా."

"సూడకపోతే ఏమి? నేను చెప్తాండా గదా! నాలుగు పేర్లు, అంతే. నాయన ఊరందరికీ మాట ఇచ్చినాడు పాపా. మీ వదిన కాలు సూసినావు గదా."

"రేపు హిందూపురం పోతా. చూస్తే రాస్తా," అన్నాను.

మర్నాడు పొద్దున బస్సెక్కాను. ఆ ప్రయాణం గురించి ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. ఆ నలుగురి కాళ్ళలో పురుగులుండాలని కోరుకుంటూ కూర్చున్నాను. ఆరోగ్యశాఖ జీతం తీసుకునే మనిషిని, నాలుగు కాళ్ళు పాడై ఉండాలని దారి పొడుగునా దేవుణ్ణి అడిగాను.

మండీలో బెల్లం వాసన, ఈగలు, బండ్లు. కొండప్ప భుజాన మూట వేసుకుని దాదాపు పరుగెత్తుతున్నాడు. నన్ను చూసి మూట దించి, తుండుగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు.

"కాలు చూపించు కొండప్పా."

అతను ఇబ్బందిగా నిలబడ్డాడు. "నిన్న గంగాధరప్ప వచ్చినాడు. ఇంగా నొప్పి ఉండాదని చెప్పమన్యాడు. కాలు సూపీమంటే నేనెట్ల జెప్పేది నర్సమ్మా?"

పంచె పైకి లాగాడు. పిక్క మీద మానిపోయిన నల్లటి మచ్చ ఉంది. పోయినేటిది. తమ్ముడి కాలి మీద ఉన్నది గాజుపెంకు గాయం. మూడోవాడికి ఏమీ లేదు. నాలుగోవాడు మూలన గోనెసంచుల మీద కూర్చుని ఉన్నాడు. అతనికి మాత్రం పురుగు బయటపడి ఉంది. కడిగి, కట్టు కట్టి, తాగే నీళ్ళ తొట్టిలో కాలు పెట్టొద్దని చెప్పి, ఒక్కరిని రాసుకున్నాను.

పందొమ్మిది ఇరవై అయింది. చాలలేదు.

హిందూపురం నుంచి నేరుగా ఆఫీసుకే వచ్చి జాబితా సంజీవప్ప గారి ముందు పెట్టాను. ఆయన వేలితో ఒక్కో పేరూ చదువుకుంటూ కిందికి వచ్చి తొమ్మిదో దగ్గర ఆగారు.

"ఇది మీ ఊరు గదా?"

"అవును సార్."

"ఎనిమిది, తొమ్మిది అటూ ఇటూ అయితే పైన అడిగేవాళ్ళెవురూ లేరమ్మా. నేను గూడా అడగను."

ఆయన వెక్కిరింతగా అనలేదు. నా మీద దయతోనే అన్నారు.

"కొత్తపల్లోళ్ళు అడగల్ల గదా సార్. తమ ఊరు ఎనిమిదోదని వాళ్ళకు తెలియదు. అందుకే అడగరు," అన్నాను.

ఆయన సంతకం పెట్టి కాగితం తపాలా బుట్టలో వేశారు.

*

నాయనకు ఆ కబురు ఇంకొకరి నోట చేరకూడదని మర్నాడే ఊరికి వెళ్ళాను. వసారాలో శనక్కాయలు వలిచి పోసుకుని, విత్తనానికి మంచి గింజలు ఏరుతున్నాడు.

"నాయనా, మన బావి తొమ్మిదోది. ఎనిమిదింటికే దుడ్లు వచ్చినాయి."

ఏరుతూనే ఉన్నాడు. "ఎవురు రాసింది?"

"నేనే."

పుచ్చుగింజ ఒకటి పక్కకు వేశాడు. "ఊరందరి ముందర నోరు తెరిచి చెప్పినా."

"తెలుసు నాయనా."

"నిన్ను చదివిస్తానని గూడా ఊరందరి ముందరే చెప్పింటి. ఆ పొద్దు అందరూ నవ్వినారు." చాట పట్టుకుని లేచి లోపలికి వెళ్ళాడు. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం మానేశాడు.

నేను వదిన దగ్గర కూర్చుని కట్టు విప్పాను. పురుగు అప్పటికి జానెడు వచ్చింది. పుల్లను అర చుట్టు తిప్పితే పళ్ళు బిగించి దుప్పటి పట్టుకుంది. మా మాటలన్నీ ఆమె విన్నది.

"ఎనిమిదోది యా ఊరు?" అని అడిగింది.

"కొత్తపల్లి."

"ఆడ ఆడోళ్ళకూ ఇట్లనే నొస్తాది గదా," అంది. మళ్ళీ తనే అంది. "సర్కారు వచ్చేదాకా మనం నీళ్ళు తాగకుండా ఉండలేం. ఇంతలో మనమేం చెయ్యల్లనో చెప్పు. నిదానంగా చెప్పు, మతికి పెట్టుకుంటా."

రెండే సంగతులు చెప్పాను. ఎవరి కాలూ నీళ్ళలో పడకూడదు. తెచ్చిన నీళ్ళు రెండు మడతల గుడ్డలో వడకట్టందే తాగకూడదు. ఆమె నా చేత రెండుసార్లు చెప్పించుకుంది.

*

పది రోజుల తర్వాత వదిన కాలు చూద్దామని మొదటి బస్సుకే వెళ్ళాను. ఇంట్లో ఎవరూ లేరు. బావి దగ్గర గుంపు కనబడింది.

వదిన పై మెట్టుకు అడ్డంగా కూర్చుని ఉంది. కట్టు కట్టిన కాలు ముందుకు చాపి, పక్కన చేతికర్ర. ఆయిలు ఇంజను కొన్నాక మూలబడిన, ఎద్దులతో నీళ్ళు తోడే కపిలె గిలకను మా అన్న పొలం నుంచి మోసుకొచ్చి, బావికి లోతు వైపున రెండు దూలాలు నాటి కడుతున్నాడు. నన్ను చూసి కాస్త సిగ్గుపడ్డట్టు నవ్వాడు.

"మూడు దినాల నించి ఇదే పని పాపా. అన్నం పెట్టనంటాది, గిలక కట్టేదాకా."

బిందెలతో వచ్చిన ఆడవాళ్ళు సణుగుతున్నారు. "పెద్దాయన బాయి. ఆయన మాట లేకుండా దిగొద్దంటే ఎట్ల బుజ్జమ్మా?" అని ఒకామె గట్టిగానే అంది.

"బిందె ఈడ పెట్టక్కా. మీ అన్న చేది పోస్తాడు. దిగితే మాత్రం నన్ను తొక్కుకోని దిగల్ల," అంది వదిన. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

అప్పుడు నాయన వచ్చాడు. చేతిలో చెంబు, భుజాన తువ్వాలు. రోజూ వచ్చే వేళకే వచ్చాడు. గుంపు రెండుగా విడిపోయి దారి ఇచ్చింది. మా అన్న తాడు చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. వదిన చెయ్యి చేతికర్ర మీదికి పోయింది. లేస్తుందేమో అనుకున్నాను. లేవలేదు.

"మామా," అంది. "చెంబు ఇట్ల ఇయ్యి. నీళ్ళు నేను చేది ఇస్తా."

నాయన ఆమె కాలి వైపు చూశాడు. ఆమె భుజం మీదుగా కిందికి, నీళ్ళ దాకా ఉన్న మెట్ల వైపు చూశాడు. తర్వాత వంగి, చెంబు ఆమె చేతికి ఇచ్చాడు.

మా అన్న గబగబా బొక్కెన వదిలాడు. నీళ్ళు పైకి వచ్చాయి. వదిన తన కొంగు రెండు మడతలు వేసి చెంబు మూతి మీద పరిచి పోసింది. నాయన అక్కడే నిలబడి ముఖం కడుక్కుని, చెంబు మళ్ళీ నింపించుకుని ఇంటికి వెళ్ళాడు. నన్ను చూడలేదు. ఆయన వెనకే ఆడవాళ్ళు ఒక్కొక్కరుగా బిందెలు కింద పెట్టారు.

కొన్నాళ్ళకు ఊరివాళ్ళే మెట్లు మూసేటప్పుడు మొదటి రాయి నాయనే పెట్టాడట. చేను గట్టున ఉన్న పాత రాతికట్ట విప్పించి, బండికెత్తించి తెచ్చాడని, మొదటి రాయి పెట్టాక చాలాసేపు దానిమీద చెయ్యి తీయలేదని తర్వాత మా అన్న చెప్పాడు. ఆ రోజు నేను రాళ్ళవంకలో ఉన్నాను. అక్కడ సర్కారు గిలక బిగించారు. నల్లమ్మ రెండు చేతులా తాడు లాగి మొదటి బొక్కెన పైకి తీసి, అందరికంటే ముందు నా దోసిట్లో పోసింది. తర్వాత తను తాగి, "ఇంగ రాసుకో," అంది.

*

వానలు ఆ ఏడు ఆలస్యంగా పడ్డాయి. వదిన కాలిలోంచి పురుగు తెగకుండా పూర్తిగా వచ్చేసింది. మడమ కాస్త బిగుసుకున్నా విత్తే రోజున గొర్రు వెనక గింజలు వేయడానికి తనే వెళ్ళింది. నేను ఊరికి వెళుతూనే ఉన్నాను. నాయన నేను వచ్చిన పూట పొలంలో ఉండేవాడు.

ఆషాఢంలో, వచ్చే ఏటి బడ్జెట్టుకు అంచనాలు పంపమని పైనుంచి కాగితం వచ్చింది. కిందటి జాబితాలో మిగిలిన ఊళ్ళను వరసగా ఎక్కించమని సంజీవప్ప గారు నాకు చెప్పారు. ఎర్రగుంటపల్లితో మొదలు కావాలి. ఆ పని మీద ఉండగా గుమ్మంలో నీడ పడింది. తలెత్తి చూస్తే మా నాయన.

లోపలికి వచ్చి, నా బల్ల పక్క నుంచే నడిచి వెళ్ళి సంజీవప్ప గారికి నమస్కారం పెట్టాడు. ఆయన లేచి కుర్చీ చూపించారు. నాయన నిలబడే మాట్లాడాడు.

"ఎర్రగుంటపల్లి హనుమంతప్పని సార్. మా ఊరి బాయి మీ జాబితాలో ఉండాదంట."

"ఉండాదప్పా. ఈసారి మొదటిది మీదే. వచ్చే వేసవికి తప్పకుండా అవుతాది."

"వద్దు సార్. మెట్లు మేమే మూసినాం. ఒర గూడా కట్టినాం. మీ వాళ్ళు వచ్చి సూసుకోవచ్చు. మా ఊరి పేరు కొట్టేయండి."

సంజీవప్ప గారు నా వైపు చూశారు. నేను కాగితం వైపు చూస్తున్నాను. అక్షరాలు సరిగా కనబడటం లేదు.

నాయన వెనక్కి తిరిగి వచ్చి నా బల్ల దగ్గర ఆగాడు. నలభై ఎనిమిది రోజుల తర్వాత ఆయన నాతో అన్న మొదటి మాట అదే.

"మాది తీసేస్తే ఆ జాగాలోకి యా ఊరు వస్తాది?"

"తుమ్మలదిన్నె, నాయనా."

"ఆడ ఎంతమందికి ఉండాది?"

"ఇరవై ఇద్దరికి. పెద్ద ఊరు, అందుకే వరసలో కిందికి పోయింది."

"సర్కారు వచ్చేది మళ్ళ ఎండాకాలానికి గదా. అంతదాకా వాళ్ళు దిగే తాగుతారు." తువ్వాలు తీసి మెడ తుడుచుకున్నాడు. "గిలక యాడ కట్టల్లనో తెలిసినోడు ఉండాడా ఆ ఊర్లో?"

"లేడు."

"గంగాధరున్ని పంపిస్తా. బుజ్జమ్మ గూడా వస్తానంటాది, వస్తే రానీ. వాళ్ళకు చెప్పేదానికి ఆయమ్మే సరి." గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "నువ్వు ఎప్పుడు పోతాండావు ఆడికి?"

"రేపు పొద్దున నాయనా."

"అయితే రేపు పొద్దున పోదాం," అన్నాడు. "రాళ్ళు ఎత్తేదానికి నేనూ వస్తా."